మూడో నంబరు బస్సులో ప్రాక్టీసు

"నన్ను పట్టుకుని, ముందు నలుగురిలో చేసి రా, తర్వాత చూద్దాం అంటాడా ఆ లైబ్రరీ సెక్రటరీ? రేపు వార్షికోత్సవంలో నా మ్యాజిక్ ఉందని పెళ్ళానికీ అత్తగారికీ చెప్పుకున్నానయ్యా, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళాలి?" టీకొట్టు బెంచీ మీద కూర్చోకుండానే మొదలెట్టాడు గుమాస్తా.

"నలుగురిలో చేయలేదా నేను? మొన్న మూడో నంబరు బస్సులో రూపాయి బిళ్ళ మాయం చేశా. మొదటిసారి కాస్త తొందరపడ్డాను, ఒప్పుకుంటా. ఒక ముసలావిడ ఆవలించింది. దాంతో తర్వాతి స్టాపు నుంచి మాట నెమ్మది చేశా, చెయ్యెత్తి ఒక్క నిమిషం ఊరుకున్నా. అంతే, బస్సంతా ఊపిరి బిగబట్టింది. దిగాల్సినవాళ్ళు దిగలేదు."

"ఒక్కళ్ళూ దిగలేదా?" అన్నాడు టీకొట్టు తాత.

"దిగితే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జనం ఊపు చూసి కండక్టరు విజిల్ మాయం చేశా, అదే ఊపులో స్టీరింగు కూడా. డ్రైవరు చప్పట్లు కొడుతున్నాడు గనక ఆయనకు దాంతో పని లేదు. ఎదురుగా వంతెన వచ్చింది. దాన్నీ వదల్లేదు."

"వంతెన మాయమైతే బస్సెలా దాటింది?"

"దాటలేదు. అందుకే ఆఫీసుకి లేటు. మా పై ఆఫీసరు నమ్మాడా? నమ్మడు. అంతా ఒక్క తానులో ముక్కలే. కింద ఏట్లో నీళ్ళు ఆగి చూశాయయ్యా, నేను చెయ్యి దించాకే కదిలాయి. అలాంటివాణ్ణి ప్రాక్టీసు చేసి రమ్మంటాడా?"

బెంచీ చివర అతని బామ్మర్ది టీ గ్లాసు కింద పెట్టాడు. పక్కనున్న సెలూన్ అతనిదే.

"బావా, మూడేళ్ళుగా మధ్యాహ్నం పూట నా షట్టరు సగం దించి అద్దం ముందే చేస్తున్నావు. గిరాకీ వస్తే బిళ్ళ జేబులో వేసుకుంటావు. ఒక్క మనిషి ముందు చేయగా నేను చూడలేదు."

"అద్దంలో చూసి చూసి సానబెట్టానురా. బిళ్ళ చెయ్యి మారడం ఒక్కసారీ కనబడలేదు, నాకే."

"ఎలా కనబడుతుంది? సరిగ్గా అది చెయ్యి మారేటప్పుడు కళ్ళు మూసుకుంటావు. వెనక నుంచి అద్దంలో రోజూ చూస్తూనే ఉన్నా."

ఎవరూ నవ్వలేదు, బెంచీ మీద టీ తాగుతున్న మిగతా ఇద్దరు కూడా. గుమాస్తాకి అదే ఎక్కువ మండింది. తాత స్టవ్ ఆపి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నలుగురినేగా అడిగాడు సెక్రటరీ. ఉన్నాం. చెయ్యి నాయనా."

గుమాస్తా బిళ్ళ తీశాడు. చెయ్యెత్తి నిమిషం ఊరుకున్నాడు. ఈసారి కళ్ళు తెరిచే ఉంచాడు. బిళ్ళ వేళ్ళ సందులోంచి జారి బామ్మర్ది గ్లాసులో పడడం అతనే అందరికంటే ముందు చూశాడు.

బామ్మర్ది బిళ్ళ పైకి తీసి తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు. "మళ్ళీ చెయ్యి బావా. ఇంకా ఎవరూ ఆవలించలేదు."