మెరవని తాడు

చీపురుపల్లిలో రైలు దిగి వచ్చిన కోడలికి జడ వేద్దామని జుట్టు పైకెత్తిన అత్త చేయి ఆగిపోయింది.

“పుస్తెలతాడేదే?”

“లేబ్‌లో తీసీసి, అక్కడే మర్చిపోనానత్తా. లేజరు వెలుగు బంగారం మీద పడి ఎదురుకొడితే కళ్ళు పోతాయి.”

“అంత వెలుగుతో ఏటి సేస్తారు?”

“సూర్యుడి లోపలున్నంత వేడి రెప్పపాటుకన్నా తక్కువసేపు పుట్టించి, అక్కడేటి జరుగుతాదో సూస్తామత్తా.”

అత్త వంటింట్లోకి వెళ్ళి, పసుపుకొమ్ము కట్టిన దారం తెచ్చి కోడలి మెడలో వేసింది.

“ఇది మెరుస్తాదేటి?”

“మెరవదత్తా.”

“అయితే లేబ్‌కెళ్ళినప్పుడల్లా ఇదే ఏసుకో. కళ్ళు జాగర్త.”

“కోపం రాలేదా అత్తా?”

“వచ్చినాది, పోనాది. తల కదపకు. ఆ సూర్యుడి లోపల ఏటవుతాదో తెలిసిననాడు మీ ఆయనకన్నా ముందు నాకు సెప్పాల.”