సూది కాదు, ఫైలు ముక్క

(కోతా భారులో పంటి వేర్ల వైద్యం చేసే డాక్టర్ సియూ ఫెన్ గారి గది. మా అమ్మాయి హిదాయు కుర్చీలో వెనక్కి వాలి ఉంది. నేను దాని కాళ్ళ దగ్గర నిలబడ్డాను. అది నన్ను మక్ అంటుంది, అంటే అమ్మ; డాక్టరమ్మ మక్ చిక్ అంటుంది, అంటే పిన్నిగారు.)

"వదిలేస్తే ఏమీ కాదంటున్నాను, మక్ చిక్. మొదటి డాక్టరు పనిముట్టు విరిగి వేరులో ఉండిపోయిన మూడు మిల్లీమీటర్ల ముక్క. నొప్పి లేదు, చీము లేదు. మీద మూసేస్తే చాలామంది అలాగే బతికేస్తారు."

"మీరు చాలామంది గురించి చెబుతున్నారు డాక్టరమ్మా. నేను నా ఒక్క పిల్ల గురించి అడుగుతున్నా. అది రక్తంలో కలిసి గుండెకి పోతే?"

"పోదు."

"మెదడుకి?"

"దానికీ పోదు. వేరు వంపులో ఇరుక్కుంది. కదలకపోవడమే నా బాధ."

"వదిలెయ్ మక్. డాక్టరే చెబుతున్నారుగా."

"నువ్వు ఊరుకో హిదాయూ. తియ్యాల్సిందే డాక్టరమ్మా."

"తియ్యబోతే పన్ను పగలొచ్చు. అప్పుడు పీకెయ్యాలి. ఇంత పట్టుదల ఎందుకు?"

"పగిలితే పగలనీ. పన్ను పోతే పెట్టుడు పన్ను పెట్టిస్తా. పేరు పోతే ఏం పెట్టించను? మొదటి డాక్టరు దగ్గర తీసిన ఎక్స్‌రేలో ఇది తెల్లగా సూదిలా పడింది. ఆ ఫోటో ఎలా పోయిందో, బచోక్‌లో మగపెళ్ళివారి ఫోనుకి పోయింది. నా కూతురికి సుసుక్ ఉందట. మొహానికి కళ రావాలని, మగవాడు వెంటపడాలని మంత్రించి చర్మం కింద దించే సూది. ఐదు పూటలా నమాజు చేసే ఇంట్లో."

"పంటి వేరులో సుసుక్ ఎవరు పెడతారు?"

"నేనూ అదే అడిగా. కుర్రాడి తల్లి హలీజా వింటేగా. మంత్రగాడికి దవడైతే ఏం, పన్నైతే ఏం అంది. సుసుక్ ఉన్న మనిషికి చివర్లో ప్రాణం పోదట. అలా మంచంలో పడుంటే తన ఇంట్లో ఎవరు చాకిరీ చేస్తారని అడిగింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల గురించి. శుక్రవారం తాంబూలాల పళ్ళేలు తిప్పి పంపుతుందట."

"మీరేమన్నారు?"

"ఏమంటాను, ఇంటికొచ్చి ఏడ్చా. తర్వాత ఇక్కడికొచ్చా. ముక్క తీసి సీసాలో వేసివ్వండి. వాళ్ళ గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కరికీ చూపిస్తా. చూసేదాకా లేవను."

"వాళ్ళు వద్దనుకుంటే అనుకోనీ మక్. నాకు ఈ పెళ్ళి ఇష్టం లేదని రెండుసార్లు చెప్పా నీకు."

"పెళ్ళికి ముందు అందరూ అనే మాటే అది. ఇప్పుడు ఊరుకుంటే ఒప్పుకున్నట్టే."

"హిదాయూ, పన్ను నీది. నువ్వు చెప్పు. తియ్యనా?"

"తియ్యండి. తియ్యకపోతే మక్‌కి నిద్ర పట్టదు. కానీ ముందు ఒక మాట..."

"తర్వాత. డాక్టరమ్మకి నోరు తెరువు."

"పంటి చుట్టూ ఈ రబ్బరు గుడ్డ బిగిస్తున్నా. ఇక మాట్లాడలేవు. నొప్పైతే చెయ్యెత్తు."

"డాక్టరమ్మా, చెయ్యెత్తింది."

"నొప్పా?"

"ఉఁహుఁ. అఁ... అఁక్."

"ఏదో చెప్పాలనుకుంటోంది, మక్ చిక్."

"భయం. నా పోలికే. మీరు కానివ్వండి. పక్క వేర్లలో ఆ దూది ఎందుకు కుక్కుతున్నారు?"

"ముక్క ఊడినప్పుడు ఎగిరి వాటిలో పడకుండా."

"ఎగురుతుందా? గొంతులోకి పోతే?"

"అందుకేగా రబ్బరు గుడ్డ. మీరు ఊపిరి బిగబట్టకండి, పడిపోతారు."

"ఆ గీమనే మోత ఏమిటి?"

"ఈ సన్న మొన వణుకుతూ ముక్కని వదులు చేస్తుంది. కుడికి తిరిగి బిగిసింది, ఎడమకి వదిలించాలి."

"ఎంతసేపైంది?"

"నలభై నిమిషాలు."

"పన్ను పగిలిందా?"

"లేదు."

"పగిలితే చెబుతారుగా, దాచరుగా?"

"మక్ చిక్, కాసేపు బయట కూర్చుంటారా?"

"కూర్చోను."

"సరే. కదిలింది... ఉండండి. మాట్లాడకండి. వచ్చేసింది. ఇదిగో."

"ఇంతేనా? చీమ కాలంత లేదు."

"ఈ భూతద్దంలోంచి చూడండి. మరమేకులా మెలికలున్నాయి కదూ. ఇది ఫైలు ముక్క."

"ఫైలంటే ఆఫీసులో కాయితాల కట్టేగా?"

"ఇది వేరు లోపల గీకే ఆకురాయి పుల్ల. సుసుక్ నున్నగా ఉంటుంది. ఎవరడిగినా నా పేరు చెప్పండి."

"చెబితే నమ్మరు. కాయితం మీద రాసి సంతకం పెట్టండి. ముద్ర కూడా వెయ్యండి. ఇప్పుడే బచోక్ బస్సెక్కుతా. హలీజా అద్దం పెట్టుకుని మెలికలు లెక్కపెట్టుకోవాలి. నా బిడ్డ మీద ఆ మాట పుట్టించిన నోరెవరిదో కూడా తేల్చుకునే వస్తా."

"రాసిస్తాను. ముందు రబ్బరు తియ్యనీండి. హిదాయూ, నోరు మెల్లగా మూయి."

"మక్, కూర్చో."

"బస్సు పోతుంది."

"కూర్చో మక్. ఆ ఫోటో హలీజాకి పంపింది నేనే. కింద సుసుక్ అని రాసిందీ నేనే."