పక్కపిల్ల జవాబు

1944లో ఒక ఆదివారం మధ్యాహ్నం. నరసరావుపేటలో ఒక టీచర్ ట్రైనింగ్ స్కూలు హాస్టలు. తోటివాళ్లంతా ఊళ్లకు పోగా మిగిలిపోయిన ఒక విద్యార్థిని, మర్నాడు పిల్లలకు చెప్పాల్సిన పాఠాన్ని వంటామె ముందు చెప్పి చూసుకుంటోంది.

"లేచి నిలబడు పెద్దమ్మా. సరైన జవాబు చెప్తేనే కూర్చోమంటా."

"మోకాళ్లు నొప్పులమ్మాయ్. తొందరగా అడుగు."

"దూరాన ఉన్న మనవాళ్లకి మన సంగతులు ఎట్టా తెలుస్తయ్?"

"తెలవవు."

"అట్టా కాదు. నోట్సులో పిల్లల జవాబు కింద 'ఉత్తరం వల్ల' అని ముందే రాసుకున్నా. అదే చెప్పాల."

"మా ఆయన రంగూన్ పోయి నాలుగేళ్లయింది. యుద్ధమొచ్చి ఉత్తరాలు ఆగిపోయినయ్. నేనింకా బతికున్నానని ఆయనకేం తెలుసు? నన్నడిగితే నాకు తెలిసిందే గదా చెప్తా."

"ఈ జవాబు నా నోట్సులో లేదు పెద్దమ్మా."

"ఏంది, తప్పు చెప్తే కొడతావా?"

"కొట్టకూడదు. తప్పని కూడా అనకూడదు. అదే ప్రశ్న పక్కపిల్లని అడగాల."

"ఇక్కడ నా పక్కన నువ్వు తప్ప ఎవరున్నారు? నువ్వే చెప్పు. నకరికల్లులో వదిలొచ్చిన నీ బిడ్డకి నీ సంగతులు ఎట్టా తెలుస్తయ్?"

"వారం వారం ఉత్తరం రాస్తన్నా."

"ఆ పిల్లకి చదవటం వచ్చా?"

"ఇంకా రాదు. మా బావగారే చదివి వినిపించాల."

"వినిపిస్తన్నాడా?"

"విప్పకుండానే చూరులో దోపుతున్నాడంట. మొగుడు పోయినదానికి చదువేందని ఆయన కోపం."

"అయితే మళ్లీ అడుగుతున్నా. ఎట్టా తెలుస్తయ్?"

"తెలవవు, పెద్దమ్మా."

"కూర్చో తల్లీ."