పైపని

ఖాళీ ఇంటి వెనక గది. మేస్త్రీ స్టూలెక్కి స్లాబుని సుత్తితో తట్టి చూస్తున్నాడు. టైలరమ్మ కింద నిలబడి తలెత్తి వింటోంది.

"మళ్లీ కొట్టు మేస్త్రీ. ఇందాక మోత బాగానే వచ్చింది."

"బాగా రాలేదు వదినా, డొల్ల. పక్కకి జరగండి, పెచ్చు మీద పడుతుంది."

"పడితే పడనీ. రంగు వేయిస్తే కనపడదుగా."

"అద్దెకొచ్చినవాళ్లకి మొదటి వానకే కనపడుతుంది."

"సరే, నువ్వే చెప్పు. ఎంతవుతుంది?"

"స్లాబు కొట్టేసి కొత్తది పోయాలి. లోపల చువ్వలు తుప్పుపట్టి పొడిపొడిగా రాలుతున్నాయి. ఇంటికి పెట్టే డబ్బులో ముప్పాతిక దీనికే."

"పావలా కోడికి ముప్పావలా మసాలా అన్నట్టుంది. కాస్త తగ్గించి చెప్పరాదూ."

"నేను తగ్గించి చెబితే స్లాబు ఆగుతుందా?"

"పోనీ, అతుకులేస్తే?"

"మీకు తెలీనిదా వదినా? చివికిన గుడ్డకి అతుకేస్తే కుట్టు దగ్గరే చిరుగుతుంది."

"మరి మొన్న ఈ ఇంటి మేడెక్కి చూసొచ్చి ఫోన్లో ఇలా చెప్పలేదే."

"చెప్పానుగా. ఉన్నదంతా పైపనే అన్నాను."

"అవును, పైపనే అన్నావు. హమ్మయ్య అనుకున్నాను."

"హమ్మయ్య ఏమిటి? పైపనంటే కప్పు పని. స్లాబు."

"మా కుట్టులో పైపనంటే గుండీలు, కాజాలు. బట్టంతా అయ్యాక చివర్లో చేసేది."

"అయ్యో వదినా... సరే, ఇప్పటికైనా తెలిసింది. అమ్మేవాళ్లకి ఈ ఇల్లు వద్దని చెప్పేయండి. అద్దె మీద బతుకుదామనుకున్నాక నాలుగిళ్లు చూసి తీసుకోవాలి."

"సూదిలోకి దారం పక్కింటి అమ్మాయి ఎక్కిస్తోంది మేస్త్రీ. ఈ కళ్లతో ఇంకా నాలుగేం చూస్తాను."

"నేను చూసి పెడతాను. తొందరేముంది?"

"తొందరా... ఏం లేదులే."

"బయానా ఏమైనా ఇచ్చారా?"

"ఇచ్చాను."

"పోతే పోయింది, పీడా విరగడైందనుకోండి. ఎంతిచ్చారు?"

"మొత్తం. నిన్న సంతకాలు కూడా అయిపోయాయి."

"మరి నన్నెందుకు పిలిచారు వదినా?"

"రంగులకెంతవుతుందో అడుగుదామని."

"పోనీ, షాపుందిగా. కొన్నాళ్లు మిషన్లు అద్దెకిచ్చి—"

"అవన్నీ అమ్మే ఇది కొన్నాను. షాపు, మిషన్లు, వెనకాల నేనుండే గది. రేపు తాళాలిచ్చేయాలి."

"అయితే... ఇక్కడ ఎవర్నీ ఉంచకండి వదినా. ఆ పాపం మనకొద్దు."

"ఎవర్నీ ఉంచనులే. నేనొక్కదాన్నేగా. మంచం ఏ మూల వేసుకోమంటావో అది చెప్పు."