ఎవరు కాదంటారు

వన్ టౌన్, 2001. శుక్రవారం సాయంత్రం. విశాఖలో ఉన్నవి రెండే యూదుల కుటుంబాలు. పెద్దవాళ్ళు కింద పెళ్ళిమాటలు మాట్లాడుకుంటుంటే, దీనా, ఆమె మేనత్త కొడుకు మోషే మేడమీద ఉన్నారు.

“నువ్వే సెప్పీ, బావా. నువ్వంటే తాత ఇంటాడు.”

“ఏటని సెప్పమంటావు?”

“దీనా నాకొద్దను. పొగరుబోతను, వంట రాదను. నానేటీ అనుకోను.”

“నువ్వే అనొచ్చు కదేటి. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు, శనివారం కూడా డ్యూటీకెల్తన్నాడు, ఇలాటోడు నాకొద్దను. శనివారం పనంటే తాతకి పడదు.”

“తాతకి తెల్దేటి? తెలిసీ తెల్నట్టుంటన్నాడు. ఊళ్ళో పెళ్ళికొడుకువి నువ్వొక్కడివే.”

“పెళ్ళికూతురివీ నువ్వొక్కద్దానివే.”

“నవ్వకు.”

“నవ్వట్లేదే. ఏడుపొస్తంది.”

“దేవికి సెప్పావా?”

“ఏ దేవి?”

“ఏ దేవేటి? మనకి సేపలు తెచ్చే గంగాలమ్మ కూతురు. పాపం గంగాలమ్మ మనం తినేవని పొలుసున్న సేపలే ఏరి తెస్తాది, మనం ముట్టని రొయ్యల తట్ట గుమ్మం బయటే దించుతాది. ఆవిడే సెప్పింది, మీ బావ జాలరిపేట ఒకటే తిరుగుతన్నాడని.”

“సరేలే. మరి మీ ఈదిలో కెన్నీ సంగతేటి? క్రిస్మస్‌కి మీ ఇంటికి కేకెవరు తెచ్చారు?”

“ఈదంతా పంచారు. మనమూ కిరస్తానోళ్ళమే అనుకుంటన్నారు ఆళ్ళు.”

“అనుకోనీ. ఆడితో చర్చికెల్లిపో. ఎవులడుగుతారు?”

“తాత అడుగుతాడు. ఇందాక శుక్రవారం దీపం నా సేత ఎలిగించాడు. మీ నాన్నమ్మ పోయాక ఇది నీదేనమ్మా, మీ ఇద్దరితో ఆగిపోకూడదన్నాడు. ఎలా కాదంటాను?”

“నాకూ అదే సెప్పాడు. సేతులట్టుకొని మరీ.”

“అందుకే నువ్వనాల. మగోడివి, నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటారు. నానంటే, ఈ పిల్ల వల్లే మనోళ్ళు లేకుండా పోయారని సచ్చేదాకా అంటారు.”

“నన్ను మాత్రం వదుల్తారేటి? అమ్మ అన్నం మానేత్తాది.”

“అదిగో, అత్త పిలుస్తంది. తేల్సీ బావా. ఎవరో ఒకరు కాదనాల.”

“నువ్వంటావనుకున్నాను, దీనా. కెన్నీ ఉన్నాడు కదా, కచ్చితంగా కాదంటావనుకున్నాను.”

“అనుకుంటే?”

“అనుకొని, మొన్నే తాతతో సరే అనీసినాను. సెడ్డపేరు నాకెందుకని.”

“బావా.”

“ఏటలా సూత్తన్నావ్? ఏటీ మించిపోలేదు. నువ్వొక్కద్దానివి కాదంటే సాలు. ఎల్లి సెప్పీ, నాను పక్కనే ఉంటాను.”

“ఏటి సెప్పీది? నువ్వు కాదంటావని, నిన్ననే నానూ సరే అనీసినాను.”