గడియార స్తంభానికి చుట్టిన మఫ్లరు

బావగారు నగరం నుంచి దిగి పదిహేను రోజులైంది గానీ, ఆయన నోట్లోంచి నగరం ఇంకా దిగలేదు. శనివారం మూడయ్యేసరికి బొత్తాల పిన్ని కొట్టు ముందున్న చెక్కబల్ల మీద సరిగ్గా మధ్యలో కూర్చుని, మెడలో బూడిదరంగు మఫ్లరు రెండు మడతలు సర్దుకున్నారంటే ఇక మిగతావాళ్ళకి చెవులే తప్ప నోరుండదు. బయట ఎండ పేలిపోతున్నా ఆ మఫ్లరు మాత్రం మెడ దిగదు.

నిజానికి ఆ బల్ల ఆయనది కాదు. పదకొండేళ్ళుగా శనివారం మధ్యాహ్నాలు అది ముగ్గురిది. కొట్టు పిన్నిది. మూడు గోడలకీ సొరుగులు, ప్రతి సొరుగు మీదా లోపల ఏముందో తెలియడానికి ఒక బొత్తామో ఊలు ముక్కో అంటించి ఉంటుంది. తాళాల మేస్త్రి వారమంతా జనం తాళాలు విప్పి, శనివారం ఇక్కడ కూర్చుని చెక్కతో పిట్టలు చెక్కుతాడు. చిలక మొదలుపెట్టినా, గద్ద మొదలుపెట్టినా చివరికి తేలేది బాతే. ఇక నర్సమ్మ మఫ్లర్లు అల్లుతుంది. పిన్ని రెండు చేతులూ చాపి ఊలు చిలప తగిలించుకుంటే, నర్సమ్మ ఆ దారం లాగి ఉండ చుట్టుకుంటుంది. అల్లినవన్నీ బస్టాండు వెయిటింగు హాల్లో వీళ్ళు పెట్టిన రేకుపెట్టెలోకి పోతాయి. పెట్టె మీద మేస్త్రి రంగుతో రాశాడు: "చలివేస్తే తీసుకోండి. చలి తగ్గాక తిరిగి వేయండి." తీసుకున్నవాళ్ళు బోలెడుమంది. తిరిగి వేసిన మహానుభావుణ్ణి ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు.

నర్సమ్మ పనిలో ఒక లోపం ఉంది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో రోగుల మణికట్టు పట్టుకుని గడియారం చూసిన మనిషి. రిటైరయ్యాక మణికట్లు పోయాయి గానీ చూపు పోలేదు. అల్లుతూ అల్లుతూ ఉండగా నిమిషానికోసారి కళ్ళు వాటంతటవే చేతి గడియారం మీదకి వెళతాయి, వెళ్ళినప్పుడల్లా సూది మీంచి ఒక కుట్టు జారుతుంది. తర్వాతి వరసలో పట్టుకుంటుంది, కానీ బియ్యపుగింజంత కన్నం మిగిలిపోతుంది. ఆ కన్నాలు మఫ్లరు పొడవునా ఏటవాలుగా చీమలబారులా సాగుతాయి. పోయిన చలికాలం పిన్ని నోరు ఊరుకోక, అందరి ముందూ, "ఇది మెడకి చుట్టుకోవాలా నర్సమ్మా, పిండి జల్లించుకోవాలా?" అంది. అందరూ నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది.

ఇప్పుడా నర్సమ్మే సోమవారం రైలెక్కి నగరానికి వెళ్ళిపోతోంది. ఇక చుట్టపుచూపుగా కూడా రాదేమో. ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పేసింది, పెట్టెలు సర్దేసింది. బావగారు ఆమె అక్క భర్తే. లిఫ్టులు బాగుచేసే కంపెనీ పని మీద ఎనిమిది నెలలు నగరంలో ఉండొచ్చి, చేతిపనులంటే సరదా ఉన్నవాళ్ళకి భూమ్మీద అంతకన్నా మంచి ఊరు లేదని ఊదరగొట్టారు. పిన్నికి మాత్రం నర్సమ్మ పెట్టెలో అన్నిటికన్నా అడుగున మడతపెట్టి ఉన్నది తను ఆడిన ఆ జల్లెడ మాటేనని తెలుసు. తెలిసి, మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

"మొదట్లో నాకు సూది ఏ చివర పట్టుకోవాలో కూడా తెలీదు," అని మొదలుపెట్టారు బావగారు, ఎంతో వినయంగా.

ఆయన వినయమంటే మేస్త్రికి హడల్. ఉలి పక్కన పెట్టేశాడు.

"ఒకరోజు సాయంత్రం వాన పడితే ఊలు కొట్లోకి దూరా. మన పిన్నిగారిలాగా 'ఏం కావాలి, ఎంత కావాలి' అని అడిగే రకం కాదు అక్కడి కొట్టువాళ్ళు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, చేతిలో సూదులు పెట్టి నేర్పారు. వాన వెలిసేసరికి మూడు మూరలు అల్లేశా."

"ఒక్క సాయంత్రంలో మూడు మూరలా!" అన్నాడు మేస్త్రి.

"అక్కడ సాయంత్రాలు పెద్దవయ్యా. ఊరు అలాంటిది మరి. బస్సు ఎక్కామనుకో, మనం అల్లే వరస మధ్యలో ఉంటే ఆ వరస పూర్తయ్యేదాకా బస్సు కదలదు."

"మిగతావాళ్ళు విసుక్కోరూ?" అంది పిన్ని.

"ఎందుకు విసుక్కుంటారు పిన్నిగారూ, వాళ్ళ చేతుల్లోనూ సూదులే! డ్రైవరు చేతుల్లోనూ సూదులే!"

"మరి స్టీరింగు?"

"మోకాళ్ళతో. అది కాదు గొప్ప. దారం చిక్కుపడిందనుకోండి, మనమిక్కడ పళ్ళతో పీక్కుని చస్తాం కదా, అక్కడ ఒక్క ఫోను కొడితే చాలు, గంట మోగించుకుంటూ ఎర్రబండి వచ్చేస్తుంది. ఆరుగురు మనుషులు, ఒక పెద్ద నిచ్చెన."

"చిక్కు విప్పడానికి నిచ్చెనెందుకు బావగారూ?"

"చిక్కు ఎంత ఎత్తుందో వచ్చి చూస్తేగానీ తెలీదు కదయ్యా, బొత్తిగా ఆలోచించవే! ఇక నీలాంటి చెక్కపనివాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక పార్కుంది. చుట్టూ, పైనా వల కట్టేశారు."

"ఎందుకో?"

"చెక్కిన పిట్టలు ఎగిరిపోకుండా."

మేస్త్రి తన చేతిలో ఉన్నదాన్ని చూసుకున్నాడు. పొద్దున పిచ్చుకగా మొదలైంది, ముక్కు అప్పుడే వెడల్పవుతోంది. ఎగిరేలా లేదు.

నర్సమ్మ మాత్రం నవ్వలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, డాక్టరు చెప్పేది వినే రోగి ముఖంతో అడిగింది: "కుట్టు జారకుండా నేర్పేవాళ్ళున్నారని చెప్పారు కదా బావగారూ. నా వయసు వాళ్ళకి కూడా నేర్పుతారా?"

"నేర్పుతారా ఏమిటి మరదలా, ఒక వీధి వీధంతా వాళ్ళే! అరవైమంది టీచర్లు. చీటీ రాయించుకోవడం, వార్డులో చేరడం, వారం తిరిగేసరికి వేళ్ళు గాడిలో పడటం. నా పేరు చెప్పు చాలు, గేటు దగ్గరే ఎత్తుకుని లోపలికి తీసుకుపోతారు."

పిన్ని నర్సమ్మ ముఖంలోకి చూసింది. ఈయన కోతలు కోయడం కొత్త కాదు, వినడమూ కొత్త కాదు. ఇన్నాళ్ళూ అవి గాల్లో పుట్టి గాల్లో పోయేవి. ఇప్పుడు వాటిని పట్టుకుని ఒక మనిషి రైలెక్కుతోంది. వద్దని చెబుదామంటే ఏ ముఖంతో చెబుతుంది? జల్లెడ అన్న నోరే కదా ఇది.

"మీ పేరు అంత పాకడానికి తమరు చేసిన ఘనకార్యం?" అన్నాడు మేస్త్రి.

బావగారు ఈ మాట కోసమే కూర్చున్నట్టు మఫ్లరు ఇంకోసారి సర్దుకున్నారు.

"చెప్పుకోకూడదు గానీ, అడిగావు కాబట్టి చెబుతున్నా. ఆ ఊరి నడిబొడ్డున గడియార స్తంభం ఉంది. పన్నెండు అంతస్తులు. చలికి ముల్లు కొంకర్లు పోయి రోజూ పది నిమిషాలు వెనక్కి పడుతోంది. ఇంజినీర్లొచ్చారు, నూనెలు పోశారు, లాభం లేదు. నేను ఒక్కసారి చూసి, దీనికి జలుబు చేసింది, మఫ్లరు కావాలి అన్నా. మూడు మూరలు ఎలాగూ ఉంది కదా, దాన్నే పొడిగించడం మొదలుపెట్టా. ఊళ్ళో ఉన్న ఊలంతా అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గొర్రెలొచ్చాయి," అన్నాడు మేస్త్రి నీరసంగా.

"అరె, నీకెవరు చెప్పారు? వాటంతటవే వచ్చి వరసలో నిలబడ్డాయి! ఒక్కటి కూడా తోసుకోలేదు, అది ఆ ఊరి క్రమశిక్షణ. మొత్తానికి స్తంభానికి పదకొండు చుట్లు చుట్టా. సాయంత్రానికల్లా గడియారానికి చెమటపట్టి, పది నిమిషాలు ముందుకి పరిగెట్టింది. ఆ రోజు ఊళ్ళో ఆఫీసుకి ఆలస్యంగా వచ్చిన గుమాస్తా ఒక్కడు లేడు."

"గడియారం ముందుకెళితే దాని లెక్కన అందరూ ఆలస్యమవాలి కదండీ?" అంది పిన్ని.

"అక్కడ కారు," అనేసి ఆయన ముందుకి సాగిపోయారు. "మర్నాడు నది మీద రైలు వంతెన పగులిచ్చింది. మళ్ళీ నా దగ్గరికే పరిగెత్తుకొచ్చారు. స్తంభానికున్న మఫ్లరు విప్పి, వంతెనకి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కట్టు కట్టా. దాని మీంచి రైలు వెళ్ళింది!"

"రైలే?"

"రెండు. ఎదురెదురుగా. ఒకే పట్టాల మీద."

"గుద్దుకోలేదూ?"

"గుద్దుకున్నాయి. అయితే ఏం, కింద మెత్తగా ఉందిగా! జనం లేచి దులుపుకుని, ఇంకోసారి అని గోల పెట్టారు."

మేస్త్రి మళ్ళీ ఉలి అందుకున్నాడు. పిన్నే అడిగింది. "మరి మీ మెడలో ఉన్నదేమిటి?"

"అసలు మఫ్లరు వాళ్ళ మ్యూజియంలో పెట్టేసుకున్నారు. నేను బతిమాలితే చివర కత్తిరించి ఈ కాస్తా ఇచ్చారు."

"అల్లినదాన్ని కత్తిరిస్తే పోగులు విడిపోవూ?"

"ఆ ఊరి కత్తెరలు వేరు పిన్నిగారూ."

పిన్ని మఫ్లరు కొస పట్టుకుని చూసింది. రోజూ వంద రకాల ఊలు ముట్టుకునే చెయ్యి, ముట్టుకోగానే గుర్తుపట్టింది. మూడో గోడ, కింది వరస, నాలుగో సొరుగు. పోయిన చలికాలం ఆ చిలప రెండు చేతులకీ తగిలించుకుని తనే గంటసేపు కూర్చుంది. మడతల్లోంచి ఏటవాలుగా, బియ్యపుగింజంత కన్నాలు బారులు తీరి కనిపిస్తున్నాయి. బావగారు నగరానికి వెళ్ళిన రోజు బస్టాండులో చలేసి ఉంటుంది పాపం.

బయటపెడదామని నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆయన పరువు పోతే పోయింది, దాన్ని ఆయనే రోజూ పోగొట్టుకుంటున్నాడు. కానీ ఇది నీదే అని నర్సమ్మకి చెప్పాలంటే ముందు కన్నాలు చూపించాలి. అందరి ముందూ. ఇంకోసారి. అయినా సోమవారం రైలు గుర్తొచ్చి, గుండె గట్టి చేసుకుని అడిగేసింది.

"బావగారూ, ఇందులో ఈ కన్నాలేమిటి?"

నర్సమ్మ ముఖం చప్పున వాడిపోయింది. తల దించుకుని గడియారం చూసుకుంది. పిన్నికి ఏడుపొచ్చినంత పనైంది.

బావగారు మాత్రం ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "కన్నాలా? కన్నాలంటారేమిటండీ! అది కిటికీ కుట్టు. ప్రపంచం మొత్తానికి ఇద్దరికే వచ్చు. ఒకాయన పోయాడు. అసలు వంతెన నిలబడింది దేని వల్లనుకున్నారు? ఆ కిటికీల్లోంచి గాలి ఆడబట్టి! కుట్టు జారాలి, కానీ పడిపోకూడదు. జారిందాన్ని తర్వాతి వరసలో అందుకోవాలి. ఒకదాని కింద ఒకటి కాస్త కాస్త పక్కకి జరగాలి. ఆ అరవైమంది టీచర్లూ నా కాళ్ళ దగ్గర కూర్చుని నెల రోజులు ప్రయత్నించారు. ఒక్కళ్ళకి రాలేదు. పెద్ద టీచరైతే, ఇలాంటి చెయ్యి నూరేళ్ళకి ఒకటి పుడుతుందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

నర్సమ్మ తలెత్తింది. కళ్ళజోడు పెట్టుకుంది. లేచి వచ్చి, సూదిమందు ఇచ్చేముందు చొక్కా చెయ్యి పైకి మడిచేటప్పటి నిదానంతో, ఆయన మెడలోంచి మఫ్లరు తీసేసింది. బావగారు కాస్త పెనుగులాడారు గానీ, ముప్పై ఏళ్ళు రోగుల్ని పట్టుకున్న చేతుల ముందు ఏం సాగుతుంది! ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేలితో ఒక్కో కన్నాన్నీ తడుముకుంటూ వెళ్ళింది. ఒక్కసారి పిన్ని వంక చూసింది. పిన్ని తల మెల్లగా ఊపింది.

"బావగారూ, నిజంగా ఇది చూసి ఆ పెద్ద టీచరు కళ్ళనీళ్ళు పెట్టుకుందా?"

"ధారగా మరదలా!"

"అరవైమందిలో ఒక్కళ్ళకీ చేతకాలేదు?"

"ఒక్కళ్ళకీ! నా తోడు!"

"అయితే వాళ్ళ దగ్గరికి వెళ్ళి నేను నేర్చుకునేదేముంది?" అంది నర్సమ్మ, మఫ్లరు నీటుగా మడతపెడుతూ. "వాళ్ళనే ఇక్కడికి రమ్మనండి. శనివారం మూడింటికి. బల్ల సరిపోకపోతే తలా ఒక కుర్చీ తెచ్చుకోమనండి." మడతపెట్టింది ఆయన చేతిలో పెట్టింది. "మీరు మాత్రం ఇంటికెళ్ళేటప్పుడు బస్టాండు మీదుగా వెళ్ళి, దీన్ని పెట్టెలో వేసెయ్యండి. ఎనిమిది నెలలైంది, మీకు చలి తగ్గే ఉంటుంది."

బావగారి చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ సర్దుకోవడానికి ఏమీ లేదు. రెండుసార్లు నోరు తెరిచారు, రెండుసార్లూ లోపల్నుంచి గడియార స్తంభం గానీ గొర్రెలు గానీ బయటికి రాలేదు.

"తిరిగి వేసిన మొదటి మనిషి మీరే అవుతారు," అన్నాడు మేస్త్రి ఎంతో మర్యాదగా. "మీ గుర్తుగా పెట్టె మీద ఒక గద్దను చెక్కి పెడతాను."

ఆ గద్ద ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఆయన వీధి మలుపు తిరిగాక పిన్ని కొట్లోకి వెళ్ళి, నాలుగో సొరుగులోంచి బూడిదరంగు చిలప తెచ్చి, రెండు చేతులకీ తగిలించుకుని కూర్చుంది. నర్సమ్మ సంచీ వెతికింది. సోమవారం రైలు టికెట్టు బయటికి తీసి, నాలుగు మడతలు పెట్టి, దాని చుట్టూ దారం చుట్టడం మొదలుపెట్టింది. టికెట్టు కనపడకుండా పోయి ఉండ గుండ్రంగా తయారయ్యేదాకా చుట్టింది.

ఆ తర్వాత నర్సమ్మ సూదులు తీసి మొదటి వరసలు అల్లింది. పిన్ని వెనక గోడ మీద పళ్ళెమంత గడియారం ఉంది. అయినా నర్సమ్మనే అడిగింది.

"టైమెంతైంది నర్సమ్మా?"

నర్సమ్మ చేతి గడియారం చూసి, "నాలుగూ పది," అంది. సూది మీంచి ఒక కుట్టు జారింది.

"ఊఁ, ఇంకో కిటికీ పడింది," అంది పిన్ని. "ఆపకు, అల్లు."