రెండుసార్లు చచ్చిన దొరసాని

జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో లండన్ నుంచి వచ్చిన ఉత్తరం సుమతి చదువుతుంటే, క్లబ్బు నాటకాలకు తెరచాటున మాటలందించే ఆమె తండ్రి పైడయ్య గుమ్మం దాటకుండానే వింటున్నాడు.

"ఎవులు రాసేరమ్మీ?"

"మన మిల్లులో చేసిన ఇంగ్లీషు ఇంజినీరు దొర కూతురు నాన్నా. నాటకాల్లో పెద్ద పేరొచ్చిందంట. టీవీలోనూ కనబడతాదంట."

"నన్ను తిట్టిందేటి?"

"ఎందుకు తిడతాది?"

"మన నాటకంలో ఆ పిల్ల సచ్చిపడిపోతే, జనం వన్స్ మోర్ అని ఒకటే కేకలు. 'లెగమ్మా, మళ్లీ పద్యం పాడి సచ్చిపో' అని నేనే అందించేను. పాపం, లేచి పాడింది. ముందు వరసలో దొరలంతా పకపకా నవ్వేరు. పన్నెండేళ్లయినా ఆ నవ్వు నా సెవిలోనే ఉంది."

"అదే రాసింది నాన్నా. నటినవ్వాలని ఆ రోజే అనుకుందంట, నీ సలవేనంట. అక్కడ ఇప్పుడు రోజూ స్టేజీ మీద సచ్చిపోతాదంట. సప్పట్లు కొడతారంట గానీ, లెగమని ఎవులూ అడగరంట."

పైడయ్య లోపలికొచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.

"జవాబు రాయమ్మీ. ఇంగ్లీషులో నాకొచ్చింది ఒక్క ముక్కే. వన్స్ మోర్ అని రాయి."